గుట్టు కాపురం నవలకు మన నేల అనుకూలించదు

ఒక మిత్రుడు తాను రాసిన సస్పెన్స్ నవల రాతప్రతిని అభిప్రాయం కోసం పంపించాడు. బయటికి మర్యాదస్థుడైన భర్త, నాలుగు గోడల మధ్య దెబ్బలు, చివరి అధ్యాయంలో బయటపడే నిజం, ఇదీ ఇతివృత్తం. శైలి బాగానే ఉంది గానీ, ఈ తరహా నవల మన దగ్గర నిలబడదని సాహిత్య శ్రేయస్సు కోరి చెప్పక తప్పడం లేదు.

లోపమంతా రహస్యంలోనే ఉంది. కథానాయిక మే నెల ఎండలో మోచేతులు దాటిన జాకెట్టు తొడుక్కుని కూరగాయల బండి దగ్గరికి వస్తుంది, కంటి కింద కమిలిందేమిటని అడిగితే బాత్రూంలో కాలు జారిందంటుంది. రచయిత అసలు సంగతిని మూడు వందల పేజీలు దాచాడు. తెలుగు పాఠకురాలికి మాత్రం ‘బాత్రూం’ అన్న మాట దగ్గరే కథంతా తెలిసిపోతుంది. బండివాడికీ తెలుసు, అందుకే ఆ పూట కొత్తిమీర కట్ట ఊరికే వేస్తాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరికీ చెప్పకుండానే అందరికీ తెలిసిన దాన్ని రహస్యమనడానికి ఏ నిఘంటువూ ఒప్పుకోదు.

పోనీ, భర్త ఎందుకు కొడతాడన్న చిక్కుముడైనా మిగిలిందా అంటే, సర్కారు వారే దాన్ని విప్పేశారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి 7 కారణాలు అదే సర్వేలో ఉన్నాయి. వాటిలో కనీసం ఒకదానికి భర్త కొట్టడం సబబేనని తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం మహిళలే ఒప్పుకున్నారు. ఇంత విశాలమైన ఏకాభిప్రాయం మీద అపరాధ పరిశోధన నడపడం వృథా శ్రమ.

పరిశోధకురాలిగా రచయిత పక్కింటావిడను పెట్టాడు. ఆవిడ శబ్దం విని తలుపు తడుతుందట! పక్కింటివాళ్లు చేసేది టీవీ సౌండు పెంచడమని, మరీ పెద్ద మనసున్నవాళ్లైతే మర్నాడు “సర్దుకుపో తల్లీ, పిల్లల మొహం చూడు” అంటారని ఇంతటి రచయితకు తెలియకపోవడం విచారకరం. కల్పన చేయాలంటే 2005 నాటి గృహహింస చట్టంలోని 12వ సెక్షన్ చూసి నేర్చుకోవాలి. దరఖాస్తు అందాక మామూలుగా 3 రోజుల్లో తొలి విచారణ, ఆపైన 60 రోజుల్లో పరిష్కారానికి ప్రయత్నం అని అందులో రాసి ఉంది. కోర్టు వరండాలో వాయిదా కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్లు దాన్ని ఆశ్చర్యంతో చదువుతారు.

ఏడో అధ్యాయం చదువుతుండగా రాత్రి పదకొండింటికి పై ఫ్లాట్‌లో స్టీలు కంచం గోడకు తగిలి గిరగిరా తిరుగుతూ ఆగిన చప్పుడైంది. ఒక పసిపిల్ల ఏడుపు మొదలై, ఎవరో నోరు మూసినట్టు ఠక్కున ఆగింది. ఏకాగ్రత చెదిరిపోవడంతో లేచి కిటికీ మూసి వచ్చి, పేజీ అంచున ఎర్ర సిరాతో “ఇక్కడ ఉత్కంఠ చాలలేదు” అని రాశాను.