అర సీటు కోసం ఆఫ్‌సైడ్

ఫుట్‌బాల్‌కు మొత్తం 17 నియమాలున్నాయి. బంతి చుట్టుకొలత దగ్గర్నుంచి కార్నర్ కిక్ దాకా అన్నీ రాశారు. నాన్న గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రాసినవాళ్లు ఏ ఆదివారమూ పొద్దున్నే హన్మకొండ వచ్చి పదేళ్లలోపు పిల్లల మ్యాచ్ చూసినట్టు లేదు. చూసి ఉంటే పద్దెనిమిదోది కూడా రాసేవాళ్లు.

మొన్నటి మ్యాచ్‌నే తీసుకోండి. లోపల పిల్లలు గింజలు చల్లిన చోటికి కోడిపిల్లల్లా, బంతి ఎటు పోతే అటు గుంపుగా ఉరుకుతున్నారు. సున్నపు గీత బయట పెద్దమనుషులు అసలు మ్యాచ్ ఆడుతున్నారు. "కొట్టురా!" "వాడికి పాస్ ఇయ్యకు, వాడు మళ్ల ఇయ్యడు!" "ఉరుకు, ఉరుకు!" "అరే, ఆగు!" ఆఖరి రెండూ ఒక్కాయనవే, ఒక్క కొడుక్కే. ఆ పిల్లవాడు మహా బుద్ధిమంతుడు. సగం ఉరికి ఆగాడు. ఆగి నాన్న మొహం చూశాడు. ఈలోపు బంతి వాడి బూటు పక్కనుంచే మెల్లగా దొర్లుకుంటూ అవతలి జట్టు కాళ్ల దగ్గరికి చేరింది.

"చెప్తే వినడు సార్," అన్నాడాయన నాతో.

గోల్‌పోస్ట్ వెనక ఒకావిడ రాగిజావ సీసాతో నిలబడ్డారు. గోల్‌కీపర్ ఆవిడ కొడుకే. వాడు రెండు గుక్కలు తాగేలోపు గోల్ పడింది. పడితే పడింది, జావ లోపలికి పోయింది కదా.

రెఫరీ డిగ్రీ చదువుకుంటున్న కుర్రాడు. మనవాళ్లకు అతను అంపైరే. "అంపైరన్నా, ఆఫ్‌సైడ్!" అని ఒకాయన గీత దాటి లోపలికే వచ్చేశాడు. గీత బయట నుంచి చేతులతో విసిరే త్రో నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదని 11వ నియమం. కుర్రాడు ఆ మాట చెప్పబోయాడు. "నువ్వు పుట్టకముందు నుంచి చూస్తున్న మ్యాచులు," అని ఆయన నోరు మూయించాడు. ఆయన చూసినవి క్రికెట్ మ్యాచులు. అందుకే రెండు చేతులతో 'టీ' చూపించి రివ్యూ కూడా అడిగాడు.

కార్డు చూపించొచ్చు కదా అంటారా? పసుపు, ఎర్ర కార్డుల ఆలోచన కెన్ ఆస్టన్ అనే ఇంగ్లండ్ రెఫరీకి ట్రాఫిక్ లైట్లు చూస్తే తట్టిందట. 1970 ప్రపంచకప్‌లో అవి మొదలయ్యాయి. ఆయన మన చౌరస్తాల్లో ఓ వారం బండి నడిపి ఉంటే ఆ ఆలోచన వచ్చేదే కాదు.

ఈ అరుపుల వెనక పెద్ద లెక్కే ఉంది. హాఫ్‌టైంలో వేపచెట్టు కింద తేలింది. ఎప్‌సెట్ సీట్లలో స్పోర్ట్స్ కోటా 0.5 శాతం. అంటే వందకు అర సీటు. అదీ అన్ని ఆటలకూ కలిపి. ఆ అర సీటు కోసమే మూడో తరగతి పిల్లవాడు ఎడమకాలితో కొట్టడం నేర్చుకోవాలి. "మన నిజామాబాద్ గుగులోత్ సౌమ్య ఇండియాకు ఆడుతలేదా?" అన్నారొకరు. "ఏ అకాడమీ? ఫీజెంత?" అని మరొకరు ఫోన్ తీశారు. ఆమె ఎట్లా ఆడుతుందో ఎవరూ అడగలేదు.

ప్రభుత్వానికి నాదొక విన్నపం. పిల్లల మ్యాచ్‌కు ముందు తండ్రులకు బంతి ఇచ్చి ఓ పది నిమిషాలు ఆడించాలి. పిల్లలు గీత బయట నిలబడి "ఉరుకు నాన్నా! ఆగు నాన్నా! అంకుల్‌కు పాస్ ఇయ్యకు!" అని అరవాలి. తండ్రుల ఆయాసం తీరేలోపు పిల్లలు తమ మ్యాచ్ ముగించుకోవచ్చు.

నన్ను మాత్రం ఆ లెక్కలో వెయ్యకండి. నేను అరవను. సలహాలిస్తాను, అంతే. అవతలి గోల్ దాకా వినపడాలి కాబట్టి కాస్త గట్టిగా ఇస్తాను.

ఆ రోజు 4-0తో ఓడిపోయి ఇంటికి వస్తుంటే, బండి మీద వెనక నుంచి మావాడు అన్నాడు.

"నాన్నా, వచ్చే వారం నువ్వు రాకు. నాయినమ్మను పంపు."

"ఎందుకురా?"

"ఆమెకు రూల్స్ తెల్వయ్. ఎవరు గోల్ కొట్టినా చప్పట్లు కొడ్తది."

అవతలి జట్టుకు చప్పట్లేమిటి? ఈ విషయంపై మా అమ్మను సంజాయిషీ అడగాల్సి ఉంది.