గ్రాండ్ ఫ్లీట్ దొరవారికి మదరాసు రాజధాని నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ గ్రాండ్ ఫ్లీట్ దొరవారి సముఖానికి,
స్కాపా ఫ్లో, ఆర్క్‌నీ దీవులు, స్కాట్లండుకు ఉత్తరాన.

ఉభయకుశలోపరి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ప్రధాన నౌకాదళమైన తమరు 1919 ఏప్రిల్‌లోనే రద్దయిపోయారు కనుక కుశలం అడగడం బాగోదు. నేరుగా ఫిర్యాదులోకి వస్తాను.

1914 సెప్టెంబరు 22 రాత్రి మదరాసు రేవు ముందుకు ఎమ్డెన్ అనే ఒకే ఒక్క జర్మన్ క్రూయిజర్ యుద్ధనౌక వచ్చింది. వందకు పైగా గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులకు నిప్పంటించి, వచ్చినంత నింపాదిగానూ వెళ్లిపోయింది. మనుషులు పోయారు. పట్నంలో జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పరుగెత్తారు. మా కోస్తా జిల్లాలన్నీ అప్పట్లో ఆ రాజధాని (ప్రెసిడెన్సీ) కిందివే. శిస్తు కట్టినవాళ్ల మునిమనవడిగా అడుగుతున్నాను: సముద్రాలన్నీ మావే అన్న దొరలు ఆ వేళ ఎక్కడున్నారు?

వాకబు చేశాను లెండి. దాక్కుని ఉన్నారట.

అప్పటికి తమరు పుట్టి సరిగ్గా ఏడు వారాలు. ఆగస్టు 4న జెల్లికో దొరగారు పగ్గాలు పట్టారు. లోకంలో అంత పెద్ద నౌకాదళం ఇంకోటి లేదు. కానీ దాన్ని కట్టేసుకున్న స్కాపా రేవుకు జలాంతర్గాములు చొరబడకుండా ఒక వల కూడా లేదు. మేడ కట్టి తలుపు పెట్టించడం మరిచిపోయినట్టు! సెప్టెంబరు 1న నీళ్లలో ఏదో నల్లగా తల ఎత్తిందని ఫిరంగులు మోగించారు. జలాంతర్గామి కాదు, బహుశా సీల్ అని తర్వాత నవ్వుకున్నారు. ఆ పూట మాత్రం ఆ జంతువుకు రేవు వదిలేసి, దళం మొత్తం సముద్రంలోకి పరుగు తీసింది. తర్వాత అక్టోబరులో మరీ భయమేసి ఐర్లండు తీరానికి తరలిపోయారు.

అక్కడే అసలు తమాషా. అక్టోబరు 27న తమ కొత్త యుద్ధనౌక ఆడేషస్ మందుపాతరకు తగిలింది. రోజంతా కుంటుతూ, రాత్రికి పేలి మునిగింది. టైటానిక్ తోబుట్టువు ఒలింపిక్ తాడు వేసి లాగాలని చూసింది కూడా. అందులోని అమెరికా ప్రయాణికులు ఫొటోలు తీసుకున్నారు. అయినా దొరతనంవారి లెక్కల్లో ఆ ఓడ మునగలేదు. నాలుగేళ్లు జాబితాలో హాయిగా తేలింది. యుద్ధం ముగిసిన మూడు రోజులకు, 1918 నవంబరు 14న, మునిగిందని ప్రకటించారు. చచ్చినవాడి పేరు మీద రేషను తీసుకునే చమత్కారం మావాళ్లదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మా నాయనమ్మకు ఒక పెళ్లి పట్టుచీర ఉండేది. మాసిపోతుందని కట్టేది కాదు, మడతలు విరుగుతాయని ఏడాదికోసారి తీసి ఎండబెట్టేది. తమరి కథ చదువుతుంటే ఆ బీరువా వాసనే గుర్తొచ్చింది. అయితే జెల్లికోను తప్పుపట్టలేను. ఒక్క మధ్యాహ్నంలో యుద్ధం ఓడిపోగల మనిషి ఆయనేనని చర్చిల్ అన్నది నిజమే కదా. అందుకే స్కాపాకు తిరిగొచ్చి, ఫ్లోట్టా దీవిలో గోల్ఫ్ మైదానం వేసుకుని కాలక్షేపం చేశారు.

1916 మే 31న చీర బయటికి తీశారు. డెన్మార్క్ పక్క సముద్రంలో జర్మన్ దళంతో జట్లాండ్ యుద్ధం. అటు 99 ఓడలు, ఇటు 151. తొందరగా గుండ్లు పేల్చాలని తుపాకిమందు గదుల తలుపులు బార్లా తెరిచిపెట్టిన పాపానికి తమ మూడు బ్యాటిల్ క్రూయిజర్లు, అంటే వేగంగా పోయే పెద్ద యుద్ధనౌకలు, పేలిపోయాయి. ఒకదాని పేరు ఇన్‌విన్సిబుల్, అంటే అజేయ. అందులో 1,026 మంది పోతే బతికింది ఆరుగురు. ఇక్కడ వెటకారం నాకూ చేతకావడం లేదు. మొత్తం మీద తమరు 14 ఓడలు, 6,094 మందిని పోగొట్టుకున్నారు. జర్మన్లు 11 ఓడలు, 2,551 మందిని. రాత్రి చీకట్లో వాళ్లు ఇల్లు చేరుకున్నారు. గెలిచింది తామేనని ఇద్దరూ చాటుకున్నారు.

దిగ్బంధం పనిచేసిందని ఒప్పుకుంటాను. తమరు ఉత్తరాన కూర్చున్నందుకే జర్మనీ వ్యాపార నౌకలకు దారి మూసుకుపోయింది, వాళ్ల కంచాల్లో కూడు తగ్గింది. కూర్చోవడమూ ఒక పనేనని మా ఆఫీసులు ఎప్పుడో కనిపెట్టాయి.

మరి ఎమ్డెన్? దాని పని పట్టింది తమరు కాదు. 1914 నవంబరు 9న హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ సిడ్నీ పట్టింది. జర్మన్ పెద్ద దళాన్ని ముంచిందీ తమరు కాదు. తమరు రద్దయిన రెండు నెలలకు, 1919 జూన్ 21న, తమ స్కాపాలోనే నిర్బంధంలో ఉన్న 74 ఓడల్లో 52 ఓడలను జర్మన్లే అడుగు కవాటాలు తెరిచి ముంచేసుకున్నారు. కాపలా కాయాల్సిన బ్రిటిష్ యుద్ధనౌకలు ఆ పొద్దున్నే విన్యాసాలకని బయటికి వెళ్లాయట.

కనుక తమరిని వేడుకునేదేమంటే, మదరాసు హైకోర్టు ప్రహరీ దగ్గర ఎమ్డెన్ గుండు పడిన చోట ఒక ఫలకం ఉంది. దాని పక్కన తమ పేరుతోనూ ఒకటి పెట్టించండి. మాటలు నేనే రాసిస్తాను: "ఆ రాత్రి దొరవారు ఇక్కడ లేరు."

చిత్తగించవలెను,
ఒక మాజీ ప్రజ మునిమనవడు