తరుగు గురించి అడిగినవాడు పనికిరాడు

సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటును ఎంచుకోవడం కూడా ఒక శాస్త్రమే. దీన్ని ఇంతవరకు ఎవరూ గ్రంథస్థం చేయకపోవడం వ్యాపార లోకానికి తీరని లోటు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో పదిహేనేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఈఆర్పీ, అంటే కంపెనీ లెక్కలన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్, దాని పుణ్యమా అని కన్సల్టెంట్లను వడపోసే కమిటీలో రెండుసార్లు కూర్చున్నాను. కాబట్టి ఆ లోటు తీర్చే బాధ్యత నా మీద పడింది.

కమిటీ అంటే ముగ్గురం. ఓనరు గారు, అమెరికాలో ఎంబీఏ చేసి వచ్చిన వాళ్ల అబ్బాయి, నేను. నలభై ఏళ్లుగా సరుకు లెక్క రాస్తున్న మా గుమాస్తా గారిని కమిటీలో వేసుకోలేదు. ఆయనకు కంప్యూటర్ రాదు.

ఈ శాస్త్రంలో మొదట చూడాల్సింది దూరం. కన్సల్టెంటు ఎంత దూరం నుంచి వస్తే అంత తెలివైనవాడు. మా ఊళ్లోనే ఉన్న బ్రాడీపేట నుంచి స్కూటర్ మీద వచ్చినవాడికి టీ ఇస్తాం. విజయవాడ నుంచి వచ్చినవాడికి టిఫిన్ తెప్పిస్తాం. హైటెక్ సిటీ నుంచి వస్తే భోజనం. బెంగళూరు నుంచి విమానంలో గన్నవరం దిగితే కారు పంపిస్తాం, పక్కన నన్ను కూడా. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఆ రుచి కిలోమీటరుకు ఇంత చొప్పున పెరుగుతుందని వాళ్లు కనిపెట్టలేకపోయారు.

బ్రాడీపేట ఆయన గురించి ఇక్కడే చెప్పాలి. మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీకి చిన్న చిన్న మార్పులు, అంటే టీడీఎల్, రాసిపెట్టేది ఆయనే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చిన వారంలో రాత్రి పదకొండింటి దాకా మా ఆఫీసులో కూర్చుని బిల్లు ఫార్మాటు సరిచేశాడు. మంచివాడే. అయితే ఫోన్ ఎత్తడు. కొటేషన్‌లో మా కంపెనీ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా రాస్తాడు. అన్నిటికీ మించి, ప్రెజెంటేషన్‌కు చెప్పులతో వస్తాడు. అబ్బాయి గారు తయారు చేసిన మార్కుల షీటులో బ్రాండుకు 25, ప్రెజెంటేషన్‌కు 25, టీమ్ సైజుకు 20, ధరకు 20, డ్రెస్సుకు, మాటతీరుకు కలిపి 10 మార్కులు. టీమ్ సైజు దగ్గర ఆయనకు ఒకటి వేశాను. ఉన్నది ఒక్కడే కదా.

ఆ షీటులో మిర్చి అనే మాట ఎక్కడా లేదు. అది వ్యాపార రహస్యం, బయటివాళ్లకు చెప్పకూడదు.

ఇక డెమో. డెమో అంటే పెళ్లిచూపులే. ఇల్లంతా సర్దేసి ఉంటుంది, కాఫీ కప్పులు కొత్తవి. తెర మీద ఏ బటన్ నొక్కినా ఇట్టే పని జరుగుతుంది, ఎందుకంటే నొక్కాల్సిన బటన్లే నొక్కుతారు. నేను ఇప్పటికి చూసిన అరడజను డెమోల్లోనూ అమ్ముడుపోయింది కుర్చీలు, సైకిళ్లే. పది కుర్చీలు కొన్నారు, నాలుగు అమ్మారు, ఆరు మిగిలాయి. ఎంత ముచ్చటగా ఉంటుందో! ఓనరు గారు చప్పట్లు కూడా కొట్టారు. కుర్చీకి తేమ పోదు. సైకిలుకు తాలు ఉండదు. ఈ సంగతి ఆ పూట మాకెవరికీ తట్టలేదు.

తట్టింది ఆ చెప్పుల మనిషికే. తన వంతు వచ్చినప్పుడు లాప్‌టాప్ తెరవకుండానే, "సార్, మీకు తరుగు ఎంత పోతుంది?" అని అడిగాడు.

మాది మిర్చి యార్డు మీద బతికే వ్యాపారం. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా వేసి కొంటాం, కొంత వెంటనే పంపుతాం, మిగతాది ఏసీలో పెడతాం. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. నెలల తరవాత తీస్తే బరువు మారుతుంది. గోడౌన్‌లో కూలీ ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయలు ఏరేస్తారు. గింజ రాలుతుంది, దుమ్ము పోతుంది. వంద కిలోలు లోపలికి వెళ్తే వంద కిలోలు బయటికి రావు. ఎన్ని వస్తాయన్నది రకాన్ని బట్టి ఉంటుంది, తేజకు ఒక లెక్క, 334కు ఒక లెక్క, బాడిగకు ఇంకో లెక్క. వానకు సరుకు తడిసిన సంవత్సరం అన్ని లెక్కలూ మారిపోతాయి. ఇదంతా గుమాస్తా గారి ఎర్ర అట్ట పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం మీద ఆయన కళ్లజోడు ఉంటుంది. ఆ కళ్లజోడు తీసే ధైర్యం ఎవరికీ లేదు.

"తరుగు సంగతి మా వాళ్లు చూసుకుంటార్లేవయ్యా, నువ్వు సాఫ్ట్‌వేర్ గురించి చెప్పు" అన్నారు ఓనరు గారు. బ్రాడీపేట ఆయన ఊరుకోలేదు. ఏసీ సరుకుకూ, నాన్ ఏసీ సరుకుకూ రేటు విడిగా వేస్తారా, తాలు మళ్లీ అమ్ముతారా, తొడిమలు తీసిన కూలి కిలో లెక్కనా, రోజు లెక్కనా అంటూ మొదలుపెట్టాడు. చివర్లో, "దీనికి పెద్ద కస్టమైజేషన్ అక్కర్లేదు సార్. ఒక సరుకు లోపలికి పోయి మూడు సరుకులై బయటికి వచ్చినట్టు టాలీలోనే స్టాక్ జర్నల్ వేసుకోవచ్చు. మీరు అడుగుతున్న ముప్పై మార్పుల్లో నాలుగు చాలు" అన్నాడు.

అబ్బాయి గారు నా వైపు చూశారు. పని వద్దంటున్న మనిషికి పని ఎలా ఇస్తాం? షీటులో "ఆసక్తి తక్కువ" అని రాసుకున్నాను.

హైదరాబాద్ టీమ్‌లో ఈ లోపం లేదు. ఐదుగురు వచ్చారు, ఐదుగురూ షూలు. మేము ఏది అడిగినా "చేసేద్దాం సార్" అన్నారు. యార్డు ధరలు ఫోనులో రావాలి అన్నాం. చేసేద్దాం సార్. ఓనరు గారికి రిపోర్టు తెలుగులో చదివి వినిపించాలి. చేసేద్దాం సార్. ఎడిట్ లాగ్ కనపడకుండా చేయొచ్చా? ఇది ఓనరు గారే కాస్త గొంతు తగ్గించి అడిగారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదు కావాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు, ఇది చట్టం. బ్రాడీపేట ఆయనను అడిగితే "ఆ పని నేను చెయ్యను సార్, మీ ఆడిటరు గారు కూడా ఒప్పుకోరు" అన్నాడు. హైదరాబాద్ వాళ్లు మాత్రం "ఫేజ్ టూలో చూద్దాం సార్" అన్నారు. మర్యాద తెలిసినవాళ్లు. మొత్తం ఇరవై రెండు 'చేసేద్దాం'లు పడ్డాయి. నేనే లెక్కపెట్టాను. అకౌంటెంటును కదా.

రిఫరెన్సులు కూడా కనుక్కున్నాం. పాత కస్టమర్ల నంబర్లు అడిగితే రెండు ఇచ్చారు. ఇద్దరూ మొదటి రింగుకే ఎత్తారు. సాఫ్ట్‌వేర్ బ్రహ్మాండం అన్నారు. మీ సరుకేమిటండీ అని నేను అడగలేదు. బాగా నడుస్తోందని చెబుతుంటే మళ్లీ వివరాలు అడగడం బాగుండదు.

మా తీర్పు మీద అనుమానం ఉన్నవాళ్లకు విదేశాల నుంచి ఉదాహరణ ఇస్తాను. జర్మనీలో లిడిల్ అని సూపర్ మార్కెట్ల సంస్థ ఉంది. మా గోడౌన్ కంటే కొంచెం పెద్దది. వాళ్లు సరుకు విలువను కొన్న ధరతో కడతారు. తెచ్చుకున్న శాప్ సాఫ్ట్‌వేరేమో మామూలుగా అమ్మే ధరతో కడుతుంది. మా పద్ధతి మార్చుకోం, సాఫ్ట్‌వేరే మారాలి అన్నారు. మార్చారు. ఏడేళ్లు మార్చారు. దాదాపు 50 కోట్ల యూరోలు పోశాక 2018లో పక్కన పెట్టేశారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. బ్యాంకు లెక్కలు సరిచూసుకునే చోట తమకు తగ్గట్టు మార్పించుకుంది, ఆ లెక్కలే కుదరకుండా పోయాయి. దాదాపు 2 కోట్ల పౌండ్లు అనుకున్న ఖర్చు 10 కోట్లు దాటింది. 2023 సెప్టెంబరులో కౌన్సిల్ ఖర్చులకు డబ్బు చాలదని చేతులెత్తేస్తూ నోటీసు ఇచ్చింది. ఆడవాళ్లకు సమాన జీతం బకాయిలు అందుకు పెద్ద కారణమే అయినా, సాఫ్ట్‌వేర్ కూడా తన వంతు చేయి వేసింది. అంత చదువుకున్నవాళ్లకే అలా జరిగిందంటే, మాకు జరిగినదాంట్లో తప్పు పట్టడానికేముంది?

ఇక ధర. మూడు కొటేషన్లు వచ్చాయి. తక్కువది తీసుకుంటే నాసిరకం అంటారు, ఎక్కువది తీసుకుంటే ఆడిటరు అడుగుతాడు. మధ్యలోదాన్ని పట్టుకుని, మిర్చి బేరంలాగే మూడో వంతు తగ్గించాం. వాళ్లూ నవ్వుతూ తగ్గారు. ఆ నవ్వు ఎందుకో ఆరు నెలల తరవాత అర్థమైంది.

సంతకాలయ్యాక ఆ ఐదుగురినీ నేను మళ్లీ చూడలేదు. పెళ్లిచూపుల్లో ఒకరు, పీటల మీద ఇంకొకరు. వచ్చింది ఒక కుర్రాడు. అమీర్‌పేటలో కోర్సు పూర్తి చేసి మూడు నెలలైందట. ఆ సంగతి రెండో రోజు వాడే చెప్పాడు, పాపం. గెస్ట్ రూములో పడుకునేవాడు, మిర్చి ఘాటుకు రోజంతా తుమ్మేవాడు. గుమాస్తా గారు వాడి మీద జాలిపడి ఇంటి నుంచి మజ్జిగ తెచ్చేవారు. నాలుగో నెలకు వాడికి తాలంటే తెలిసింది. ఐదో నెలలో ఎర్ర అట్ట పుస్తకం తెరిచి చూసుకోవడానికి అనుమతి దొరికింది. కళ్లజోడు వాడే తీశాడు! ఆరో నెలలో బెంగళూరు నుంచి ఆఫర్ వచ్చింది, వెళ్లిపోయాడు. వాడు రాసిందంతా వాడి లాప్‌టాప్‌లో ఉంది, లాప్‌టాప్ కంపెనీకి అప్పగించాడు, కంపెనీ దాన్ని ఫార్మాట్ చేసి ఇంకొకరికి ఇచ్చింది. సోర్స్ కోడ్ ఎవరిది అన్న ప్రశ్న మా మార్కుల షీటులో లేదు.

గో-లైవ్‌కు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ వాడకం మొదలుపెట్టే రోజుకు, పూజ చేయించాం. కంప్యూటర్‌కు బొట్టు పెట్టాం, కీబోర్డు మీద నిమ్మకాయ పెట్టాం. మొదటి పని చెన్నై పోర్టుకు వెళ్లాల్సిన కంటైనర్. సరుకు లోడైంది, డ్రైవరు టీ కూడా తాగేశాడు. బిల్లు కొడితే "సరుకు చాలదు" అని ఎర్ర అక్షరాలు. కొన్నది ఇంత, ఏసీలో ఉన్నది ఇంత, తేడా ఎక్కడ పోయిందో చెప్పు, అప్పుడు బిల్లు ఇస్తా అంటుంది. పోయింది తేమ. ఆ సంగతి దానికి చెప్పడానికి గడి లేదు. బిల్లు లేనిదే సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు రాదు, ఈ-వే బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. నాకు బీపీ పెరిగింది. ఓనరు గారు ఎవరినో ఫోనులో తిడుతున్నారు. గుమాస్తా గారు కళ్లజోడు పెట్టుకుని, "పాత టాలీ తీసేశారా, ఉందా?" అన్నారు. ఉంది. దాంట్లోనే బిల్లు కొట్టి లారీని పంపాం. దాని మీద చిన్న పని ఉండి బ్రాడీపేట ఆయనకు ఫోన్ చేశాం. ఆ ఒక్కసారి ఎత్తాడు.

హైదరాబాద్ వాళ్లకు మెయిల్ పెడితే గంటలో జవాబొచ్చింది. ఇది బగ్ కాదు సార్, చేంజ్ రిక్వెస్ట్, అంటే మీరు కొత్తగా అడుగుతున్న మార్పు. చేయాల్సిన పనులు రాసుకున్న స్కోప్ డాక్యుమెంటులో తరుగు ప్రస్తావన లేదు, విడిగా ఇన్ని మాన్-డేస్, అంటే ఒక మనిషికి ఇన్ని రోజుల పని, అవుతాయి, దానికి ఇంత. నిజమే, 140 పేజీల్లో ఎక్కడా తరుగు లేదు. ప్రతి పేజీ కింద నా సంతకం మాత్రం ఉంది. మొదటి రెండు పేజీలు చదివే పెట్టాను.

ఇప్పుడు రెండో విడత ఎంపిక నడుస్తోంది. అనుభవం వచ్చింది కాబట్టి మార్కుల షీటు కూడా మార్చాం. 'డొమైన్ నాలెడ్జ్' అని కొత్త గడి చేర్చి 5 మార్కులు పెట్టాం, డ్రెస్సులో సగం కోసి. పోయిన వారం బ్రాడీపేట ఆయన కూడా కొటేషన్ ఇచ్చాడు. మూడే పేజీలు. ఒక పేజీలో చేయాల్సిన పని, ఒక పేజీలో ధర, మూడో పేజీ నిండా మాకు ఏమేం అక్కర్లేదో వరసగా రాశాడు. పైన మా కంపెనీ పేరు మళ్లీ తప్పే.

ఓనరు గారు మూడో పేజీని చాలాసేపు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. ఆయనకు అర్థమైందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను.

"ఇన్ని అక్కర్లేదంటున్నాడంటే, ఇవేవీ ఇతగాడికి రావేమోనయ్యా," అన్నారు. "బెంగళూరు వాళ్ల ఫ్లైట్ ఎన్నింటికి? కారు పంపావా?"