మా సార్ ఊళ్ళో లేరండీ

బెజవాడలో ఒంటరిగా వ్యాపారం చేసుకునే వాళ్ళ గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా ఒక కీలకమైన వ్యక్తిని వదిలేస్తున్నారు. ఆయన గవర్నరుపేటలో ఉంటాడు, పటమటలో ఉంటాడు, వన్‌టౌన్ సందుల్లో అయితే కొట్టుకొకడు చొప్పున ఉంటాడు. ధర తగ్గించాలన్నా, అరువివ్వాలన్నా, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవాలన్నా ఆయన మాటే చెల్లుతుంది. ఇంతవరకూ ఆయన్ని చూసినవాళ్ళు లేరు. చూడటానికి ఆయన లేడు.

“సార్‌ని అడిగి చెబుతానండి” అని కౌంటరు వెనకనుంచి వినిపిస్తుందే, ఆ సార్ సేవలను జాతి ఇకనైనా గుర్తించాలన్నది నా డిమాండు.

సృజనాత్మకత మీద మన ఊళ్ళో శిక్షణ తరగతులకు లోటు లేదు. ఏసీ హాల్లో కూర్చోబెట్టి, రంగు చీటీలు గోడకి అంటించమని, కొత్తగా ఆలోచించమని చెబుతారు. మధ్యాహ్నం బఫే ఉంటుంది. ఒంటరి వ్యాపారి కోసమే పెట్టిన ఆ తరగతికి ఒంటరి వ్యాపారి మాత్రం రాలేడు, వస్తే కొట్టుకి తాళం వేయాలి. వచ్చేవాళ్ళంతా ఉద్యోగస్తులు. ఈలోగా రాలేనివాడు అక్కడ కొట్లో కూర్చుని పైసా పెట్టుబడి లేకుండా, రంగు చీటీ అంటించకుండా, ఏకంగా ఒక మనిషినే పుట్టిస్తున్నాడు.

ఎందుకు పుట్టించాల్సి వచ్చిందో కొంచెం ఆలోచించండి. పెద్ద షోరూముకి వెళ్ళి వంద తగ్గించమంటే కుర్రాడు మేనేజరు వైపు చూస్తాడు, మేనేజరు హెడ్డాఫీసు వైపు చూస్తాడు, హెడ్డాఫీసు ఎక్కడో ముంబైలో ఉంటుంది. కాదన్న పాపం ఎవరికీ అంటదు. ఒంటరివాడికి పైన ఫ్యాను తప్ప ఇంకెవరూ లేరు. అడిగేవాడేమో చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు, లేకపోతే వియ్యంకుడి తమ్ముడు. మొహం మీద “కుదరదు” అంటే రేపు పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేయాలి. అందుకని ఆ మాట అనడానికి పైన ఒకాయన్ని పెట్టుకున్నాడు. అంతకు మించి ఆ పోస్టుకి బాధ్యతలేమీ లేవు.

పటమటలో నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆవిడ సంస్థలో అకౌంట్స్, ప్యాకింగ్, డిస్పాచ్ అని మూడు విభాగాలున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి చూడాలి ఆ సంస్థ పనితీరు. ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కొట్టించిన మామిడికాయలు, జీడి తీసి, పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడిచినవి, హాలంతా పాత చీర మీద ఆరుతుంటాయి. ఆవిడ రెండు చేతులూ మోచేతుల దాకా ఆవపిండిలో ఉంటాయి. ఫోన్ మోగుతుంది. మోచేత్తో ఎత్తి, ముక్కుతో స్పీకర్ నొక్కి, “డబ్బులు పంపారా అండీ? అకౌంట్స్ వాళ్ళు భోజనానికి వెళ్ళారు, రాగానే చూసి చెప్పిస్తాను” అంటుంది. అకౌంట్స్ వాళ్ళు భోజనం నుంచి రావడమంటే ఆవిడ చేతులు కడుక్కోవడం.

విభాగానికో గొంతు కూడా ఉంది. అకౌంట్స్ గొంతు కాస్త కటువు. డిస్పాచ్‌కి ఎప్పుడూ జలుబు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేసి, మీ అకౌంట్స్ మేడమ్ మరీ విసుక్కుంటున్నారని ఫిర్యాదు చేశాడు. “అలాగా అండీ, నేను పిలిచి గట్టిగా మందలిస్తాను” అంది ఈవిడ. ఆయన కంగారు పడిపోయి, “అయ్యో, పాపం ఉద్యోగం తీసేయకండి, ఇంట్లో ఏం కష్టాలున్నాయో” అన్నాడు. నిజమే, కష్టాలున్నాయి. ఆ మాటకి ఈవిడ కళ్ళు చెమర్చాయి. ఆవఘాటు వల్ల అని నాతో అంది.

ఇందులో మోసం ఉందని తొందరపడి అనకండి. ప్యాక్ చేసిన సరుకుల మీద ఫిర్యాదులకు ఎవరిని సంప్రదించాలో పేరు, చిరునామా, ఫోన్ నంబరు ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలే చెబుతున్నాయి. ఆవిడ సీసా మీద “కస్టమర్ కేర్ మేనేజర్” అని ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, సమాధానం చెబుతుంది, సీసా పగిలితే ఇంకోటి పంపుతుంది. నేను కస్టమర్ కేర్ అనే మాట విన్న చోట్లలో అది నిజంగా పనిచేస్తున్న చోటు అదొక్కటే.

ఏసీలు బాగుచేసే ఇంకొకాయనకి ఒక పెద్ద ఆఫీసు ఏడాది కాంట్రాక్టు ఇస్తామంది. ముందు ఒక ఫారం నింపమంది. అందులో ఎస్కలేషన్ మ్యాట్రిక్స్ అని ఒక పట్టిక. ఫిర్యాదు మొదటి స్థాయిలో తెగకపోతే రెండో స్థాయి ఎవరు, అక్కడా తెగకపోతే మూడో స్థాయి ఎవరు అని. ఈయనకున్న స్థాయి ఒకటే, అది నిచ్చెన మీద. రాత్రంతా ఆలోచించి మొదటి గడిలో తన నంబరు వేసి సర్వీస్ ఇంజనీర్ అన్నాడు. రెండో గడిలో భార్య నంబరు, ఆపరేషన్స్ మేనేజర్. మూడో గడిలో గుడివాడలో ఎరువుల కొట్టు నడిపే బావమరిది, రీజినల్ హెడ్.

మే నెల, మిట్టమధ్యాహ్నం. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఆ ఆఫీసులో ఏసీ ఆగిపోయింది. ఈయన భవానీపురంలో ఎవరింట్లోనో నిచ్చెన మీద ఉండి ఫోన్ ఎత్తలేదు. ఆపరేషన్స్ మేనేజర్ ఇంద్రకీలాద్రి మీద దర్శనం క్యూలో ఉంది. ఫిర్యాదు పట్టిక ప్రకారమే గుడివాడకి ఎక్కింది. రీజినల్ హెడ్‌గారు అవతలివాళ్ళు ఏమడుగుతున్నారో పూర్తిగా వినకుండా అలవాటు కొద్దీ “స్టాకు రాలేదండీ, సోమవారం కనుక్కోండి” అని పెట్టేశారు. సాయంత్రం ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. విడిభాగాల కొరత గురించి మీ రీజినల్ హెడ్ దాచకుండా చెప్పినందుకు ధన్యవాదాలు, సోమవారం దాకా ఓపిక పడతాం అని. ఈయన ఆ రాత్రే వెళ్ళి, కాలిపోయిన కెపాసిటర్ మార్చి వచ్చాడు. సోమవారమన్నది శుక్రవారమే అయిపోయినందుకు వాళ్ళు ఇంకో మెయిల్ పెట్టారు. బావమరిదికి ఇప్పుడు కొంచెం గీర పెరిగింది.

చవితి రోజుల్లో అయితే సార్‌కి క్షణం తీరిక ఉండదు. వన్‌టౌన్‌లో మిక్సీలు బాగుచేసే కొట్టుకి ఆరుగురు కుర్రాళ్ళు రసీదు పుస్తకంతో వచ్చారు.

“అంకుల్, చందా.”

“ఓనరుగారు తిరుపతి వెళ్ళారు బాబూ, నా చేతిలో ఏం లేదు.”

“516కి తగ్గితే రసీదు రాయొద్దన్నారంకుల్ మా ప్రెసిడెంటు గారు.”

కొట్టాయన ఒక్క క్షణం ఆగాడు. ఎదుటివాడి చేతిలోనూ అదే ఆయుధం ఉందని అర్థమైంది. ఆ ప్రెసిడెంటు గారు ఎవరో కుర్రాళ్ళకే తెలియదు. ఇక చర్చలు పెద్దల స్థాయిలో సాగాయి. ఓనరుగారు పోయినేడాది నష్టపోయారు. ప్రెసిడెంటు గారు డీజే వాళ్ళకి మాటిచ్చేశారు. చివరికి తిరుపతిలో ఉన్న ఓనరూ, ఎక్కడున్నాడో తెలియని ప్రెసిడెంటూ రూ.116 దగ్గర రాజీ పడ్డారు. రసీదు మీద ప్రెసిడెంటు సంతకం కుర్రాడే పెట్టాడు. ఓనరు డబ్బు కొట్టాయనే తీశాడు. మన ఊళ్ళో ఇంత మర్యాదగా ముగిసిన చర్చలు నేను ఎక్కువ చూడలేదు.

ఈ కొట్టుకే “5 నిమిషాల్లో వస్తాను” అని ఒక అట్ట కూడా వేలాడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడు మొదలయ్యాయో దాని మీద ఉండదు. కుర్చీకి తువ్వాలు, బల్ల మీద కళ్ళజోడు. చూసినవాడు మనిషి ఇక్కడిక్కడే ఉన్నాడనుకుని పక్క టీకొట్లో కూర్చుంటాడు. టీకొట్టాయనకి అందువల్ల వ్యాపారం. ప్రతిఫలంగా ఆయన మిక్సీలు తీసుకుని చీటీ రాసిపెడతాడు. కొరియర్ కవర్లు కూడా ఆయనే అందుకుంటాడు. ఇద్దరి మధ్యా కాగితం లేదు, ఒప్పందం లేదు, ఆయన పేరు ఏ పట్టికలోనూ ఉండదు.

ఈ విషయంలో పార్లమెంటు మన కొట్లవాళ్ళ కన్నా చాలా ఆలస్యంగా మేల్కొంది. 2013 కంపెనీల చట్టంలో ఏకవ్యక్తి కంపెనీ అని ఒకటి పెట్టారు. సభ్యుడు ఒక్కడే, డైరెక్టరూ ఒక్కడే ఉండొచ్చు. 122వ సెక్షన్ చదివితే కళ్ళు తెరుచుకుంటాయి. ఆ ఒక్క సభ్యుడు తన తీర్మానాన్ని కంపెనీకి తెలియజేయాలట. అంటే తనకు తాను. మినిట్స్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, తేదీ వేస్తే చాలు. డైరెక్టరు ఒక్కడే అయితే ఆ తేదీన బోర్డు సమావేశం జరిగినట్టే లెక్క. పచ్చళ్ళావిడకి ఇది వివరిస్తే, “నాలో నేను మాట్లాడుకుంటుంటే మా అత్తగారు ఇన్నాళ్ళూ కంగారు పడుతున్నారు, ఆ సెక్షన్ నంబరు రాసివ్వండి” అంది.

అలా కంపెనీ పెట్టుకున్నవాణ్ణి చట్టం ఇద్దరిగా చూస్తుంది. పెట్టుకోనివాణ్ణి, అంటే మన మామూలు ప్రొప్రయిటర్ని, ఒక్కడిగానే చూస్తుంది. కొట్టు పాన్ కార్డూ ఆయన పాన్ కార్డూ ఒకటే. సార్‌కి ఏదో నాలుగు వేలు జీతం రాసుకుందామంటే ఆదాయపు పన్ను వాళ్ళు ఒప్పుకోరు. యజమాని తనకు తాను ఇచ్చుకున్న జీతం ఖర్చు కిందికి రాదు. ఇన్నేళ్ళు మాట పడి, ఊరూరూ తిరిగి, తిరుపతికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళొచ్చిన మనిషికి జీతం లేదు, పీఎఫ్ లేదు.

యూపీఐ వచ్చాక సార్‌కి గడ్డుకాలం మొదలైంది. స్కాన్ చేయగానే తెర మీద కొట్టాయన పేరే వస్తుంది. “మీ పేరే వచ్చిందేంటండీ?” అని ఎవరో అడిగేసరికి మిక్సీలాయనకి చెమట పట్టింది. వారంలో కోడ్ మార్చి భార్య పేరు మీద తీశాడు. డబ్బు నేరుగా ఆవిడ ఖాతాలో పడుతోంది. ఇప్పుడు ఆయన నిజంగానే అడిగి చెప్పాల్సి వస్తోంది.

సార్ పనికిరాని రోజులు కూడా ఉన్నాయి. జ్వరమొస్తే ఆయన వచ్చి షట్టర్ తీయడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడినప్పుడు ఎన్ని కొట్లు మునిగాయో ఊరంతా చూసింది. నీళ్ళు తీశాక నష్టం రాసుకునే వాళ్ళు వచ్చి యజమాని ఎవరని అడిగితే, “సార్ ఊళ్ళో లేరండీ” అని ఒక్కరూ అనలేదు. బురద పట్టిన ఫ్రిజ్ పక్కన నిలబడి “నేనేనండీ” అన్నారు. ఆ పక్కనే ఇంకో పేరు రాయించుకోవడానికి ఇంకెవరైనా ఉంటే బాగుండునని అప్పుడు వాళ్ళకి అనిపించి ఉంటుంది. ఒంటి చేత్తో నెగ్గుకొస్తున్నాడని మనం సభల్లో చప్పట్లు కొడతాం గానీ, రెండో చెయ్యి ఎందుకు లేదని ఎవరూ అడగరు. గుమస్తాకి ఇవ్వడానికి జీతం లేక గుమస్తాని ఊహించుకున్నవాడిది ఎంత ప్రతిభో, అంత గతిలేనితనం కూడా.

సరే, వ్యాసం సీరియస్ అయిపోతోంది. గవర్నరుపేటలో శుభలేఖలు అచ్చువేసే కొట్టు దగ్గరికి వద్దాం. పెళ్ళికూతురి తండ్రి, రిటైరైన హెడ్మాస్టరు, 500 కార్డుల మీద కార్డుకి రూపాయిన్నర తగ్గించమని గంట నుంచి కూర్చున్నారు. కొట్టాయన ఎప్పటి పాటే పాడాడు. “నాదేముంది మాస్టారూ, పార్ట్‌నర్ ఒప్పుకోడు.”

హెడ్మాస్టర్లు ముప్పై ఏళ్ళు ఇలాంటివి విన్నవాళ్ళు. “నేను మాట్లాడి ఒప్పిస్తా. ఫోన్ కలుపు” అన్నారు.

కొట్టాయన రెండో ఫోన్ సైలెంట్‌లో ఉందన్న ధైర్యంతో దాని నంబరే కలిపి స్పీకర్ ఆన్ చేశాడు. మూడు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత గల్లాపెట్టెలోంచి గట్టిగా రింగయింది.

మాస్టారు గల్లాపెట్టె వైపు చూశారు. తర్వాత కొట్టాయన వైపు చూశారు. కొట్టాయన తాపీగా సొరుగు లాగి, మోగుతున్న ఫోన్ బయటికి తీసి, తల అడ్డంగా ఊపాడు.

“చూశారా మాస్టారూ, ఎంత మతిమరుపు మనిషో. ఫోన్ కూడా ఇక్కడే మర్చిపోయి వెళ్ళాడు.”