రిజిస్టరులో పేరుంటే సర్టిఫికెట్ వచ్చినట్టేనా?

"మా ముత్తాత పేరు బాంగర్ నార్మల్ కాలేజీ రిజిస్టరులో దొరికింది, కాబట్టి ఆయన సర్టిఫికెట్ ఉన్న సర్కారు టీచరు." ఉత్తర వేల్స్‌లోని ఈ పాత టీచర్ల శిక్షణ కాలేజీ గురించి, వంశచరిత్ర తవ్వేవాళ్ల మధ్య ఈ తరహా మాట బాగా చెలామణిలో ఉంది. దానికి రెండు తోకలు కూడా తగిలిస్తారు: కాలేజీ ప్రభుత్వానిదేనని, రిజిస్టరులో పేరు లేనివాడు అసలు టీచరే కాదని. మూడూ తప్పే.

ముందు కాలేజీ సంగతి. 1858లో మొదలైన ఈ సంస్థ వెనుక ఉన్నది బడులు పెట్టించే స్వచ్ఛంద సంఘమైన బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ, వేల్స్‌లో చదువుల కోసం పాటుపడిన హ్యూ ఓవెన్ పూనిక, మొదటి ప్రిన్సిపాల్ జాన్ ఫిలిప్స్ ఊరూరా తిరిగి పోగుచేసిన చందాలు. ("నార్మల్" అంటే ఉపాధ్యాయ శిక్షణ అనే అర్థం. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ నార్మల్ స్కూళ్లు అలా వచ్చినవే.) ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది, పరీక్ష పెట్టింది, ఇన్‌స్పెక్టరును పంపింది. నడిపింది కమిటీ. అందుకే చందా జాబితాలు, కమిటీ మినిట్స్ కాలేజీ కాగితాల్లో వెతకాలి. సర్టిఫికెట్ మాత్రం లండన్‌లోని విద్యాశాఖ ఇచ్చేది.

అసలు చిక్కు ఈ సర్టిఫికెట్ దగ్గరే. 1846 నిబంధనల ప్రకారం 13వ ఏట పిల్లవాడు ప్యూపిల్ టీచరుగా (బడిలోనే చదువుకుంటూ చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణార్థిగా) ఐదేళ్ల ఒప్పందంలో చేరేవాడు. జీతం ఏడాదికి 10 పౌండ్లతో మొదలై 20 దాకా పెరిగేది. ఆ తర్వాత కాలేజీ చదువుకు సాయమిచ్చే క్వీన్స్ స్కాలర్‌షిప్ పరీక్ష, కాలేజీ, సర్టిఫికెట్ పరీక్ష. అది పాసైనా పత్రం వెంటనే చేతికి రాదు. బడిలో రెండేళ్లు ప్రొబేషన్ చేసి, ఇన్‌స్పెక్టరు చేత బాగుందనిపించుకోవాలి. ప్రవేశ రిజిస్టరు చెప్పేది ఈ దారిలో ఒక్క మెట్టు: చేరాడని. మధ్యలో జబ్బుపడి ఇంటికెళ్లినవాడి పేరూ, పరీక్ష తప్పినవాడి పేరూ అందులోనే ఉంటాయి.

వెళ్లిపోయిన విద్యార్థి గురించి కాలేజీ ఎందుకు ఆరా తీసేదో కూడా డబ్బు లెక్కే చెబుతుంది. 1860ల నిబంధనల్లో, ప్రొబేషన్ పూర్తిచేసిన ఒక్కో మగ టీచరుకు 100 పౌండ్లు, ఆడ టీచరుకు 70 చొప్పున కాలేజీకి గ్రాంటు వచ్చేది. మొత్తం మాత్రం ఖర్చులో 75 శాతం దాటకూడదు. శిష్యుడి బాగోగులతో పాటు అతని మీద రావాల్సిన గ్రాంటూ కాలేజీకి ముఖ్యమేనన్నమాట.

ఇక పేరు లేకపోవడం. కాలేజీ గడప తొక్కకుండానే, బడిలో పనిచేస్తూ సర్టిఫికెట్ పరీక్ష రాసేవాళ్లకు అవకాశం ఉండేది. వాళ్లను రిజిస్టరులో వెతికితే దొరకరు.

పేరు దొరికినా సంబరపడకండి. జాన్ జోన్స్, విలియం విలియమ్స్ వంటి పేర్లు ఉత్తర వేల్స్‌లో ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఊరు, వయసు, అంతకుముందు పనిచేసిన బడి, ఈ మూడింట్లో కనీసం రెండు కలవాలి. తర్వాత ఆయన పనిచేసిన బడి లాగ్‌బుక్ (హెడ్మాస్టరు రాసే బడి దినచర్య పుస్తకం) తీయండి. 1862 తర్వాత గ్రాంటు తీసుకునే బడులు దాన్ని తప్పనిసరిగా రాసేవి. ఇన్‌స్పెక్టరు నివేదిక సారాంశం, దాని కింద సిబ్బంది పేర్లు, పక్కనే ఎవరి సర్టిఫికెట్ ఏ తరగతిదో ఉంటాయి. ఇవి ఎక్కువగా కౌంటీ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. 1914 తర్వాత కూడా పనిచేసినవారైతే టీచర్స్ రిజిస్ట్రేషన్ కౌన్సిల్ రిజిస్టర్లూ చూడొచ్చు. కాకపోతే అందులో చేరడం ఐచ్ఛికం, కాబట్టి అక్కడ పేరు లేకపోయినా ఏమీ తేలదు.