మైపాడు దాటాక మోగని ఫోన్

సెలవొస్తే మైపాడు, కొత్తపట్నం, పాకల బీచ్‌లు జనంతో కిటకిటలాడతాయి. ఫైబర్ బోటెక్కి లోపలిదాకా వెళ్లొచ్చే సరదా ఉన్నవాళ్లకు పెద్ద ధైర్యం ఫోనే. ఒడ్డు కనుమరుగయ్యేసరికి అందులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతాయి. కవర్లో చుట్టి మొలకు కట్టుకున్నా అక్కడ అది ఫొటోలకే పనికొస్తుంది.

లోతుకు వెళ్లే ప్రతివాళ్ల లైఫ్‌జాకెట్‌కూ 406 మెగాహెర్ట్జ్ బీకన్, అంటే ఆపదలో ఉపగ్రహాలకు సంకేతం పంపే చిన్న పరికరం, కట్టి ఉండాలని నేను గట్టిగా చెబుతాను. బోటు అరలో పెడితే, బోటు తిరగబడినప్పుడు దాంతోపాటే పోతుంది. ఒంటిమీద ఉంటే యాంటెనా విప్పి బటన్ నొక్కడమే. ఒకసారి నొక్కితే కనీసం 24 గంటలు ఉపగ్రహాలకు సంకేతం వెళ్తూనే ఉంటుంది. అది బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కడినుంచి కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. కొన్న రోజే రిజిస్టర్ చేయించాలి. లేకపోతే ఆపదలో ఉన్నది ఎవరో తెలుసుకోవడానికి వాళ్లు ఎవరింటికి ఫోన్ చేస్తారు? విదేశాలనుంచి శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) తెప్పించుకోవాలనుకుంటే మాత్రం జాగ్రత్త. టెలికాం శాఖ అనుమతి లేకుండా వెంట తెచ్చుకున్న విదేశీ పర్యాటకులు మన విమానాశ్రయాల్లోనే అరెస్టయ్యారు.

ఈల, అద్దం, కోస్ట్‌గార్డ్ 1554 నంబరు చాలవా అని అడుగుతారు. ఈల, అద్దం ఉండి తీరాలి. హెలికాప్టర్ దగ్గరికొచ్చాక పైలట్ కంట పడేది అద్దం తళుకే. కానీ అసలు ఆ హెలికాప్టర్ బయల్దేరాలంటే ముందు ఎవరికో ఒకరికి తెలియాలి కదా!

సరదాకు వెళ్లేవాళ్ల సంగతి సరే, బతుకుతెరువుకు రోజూ వెళ్లేవాళ్ల మాటేమిటి? ఇస్రో 2024 జనవరిలో బోట్లనుంచి ఆపద కబురు పంపే రెండో తరం డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ తెచ్చింది. పాత పరికరంలో బటన్ నొక్కినవాడికి తన కబురు అందిందో లేదో తెలిసేది కాదు. చీకట్లో, అలల మధ్య, ఆ తెలియకపోవడమే మనిషిని సగం చంపేస్తుంది. కొత్తదాంట్లో కబురు అందిందని ఒడ్డునుంచి బదులొస్తుంది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో కబురు కలిపే పరికరాలు) అమర్చే పథకం మొదలుపెట్టింది. మంచిదే. అయితే అవి బోటుకు బిగించేవి. రాత్రి వల లాగుతూ జారిపడ్డవాడిని వదిలి బోటు ముందుకెళ్లిపోతే అతని దగ్గర ఏముంటుంది?

నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున ఆవైపు వేటకెళ్లొద్దంటే మన మత్స్యకారులు ఆగిపోతారు. ఆ పూట సంపాదన దేశం కోసం వదులుకుంటారు. ఆ ఆకాశంలోని ఉపగ్రహాల మేలు మొదట అందాల్సింది వాళ్లకే. జువ్వలదిన్నెలో, రామాయపట్నంలో వేటకెళ్లేవాళ్లెవరో అధికారులకు తెలుసు. వేట నిషేధ భృతి ఇచ్చే జాబితా ఉంది. అదే జాబితా పట్టుకుని మనిషికో బీకన్ ఉచితంగా ఇవ్వాలి. జూన్ 14తో నిషేధం ముగిసి, మర్నాడు బోట్లు నీళ్లలోకి దిగేలోపే ఇవ్వాలి.