కొలువులో దూర్వాసుడు

మా ఇంట్లో ఎలకల మందు డబ్బా అటక మీద ఉంది. ఎలకని పెంచే పంజరం హాల్లో ఉంది. ఈ రెంటి మధ్యా మా అమ్మ ఉంది.

"ఎలకలు పోవాలని డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళని చూశాను గానీ, రావాలని పెట్టేవాణ్ణి నిన్నే చూస్తున్నానురా" అంది పంజరం ఇంట్లోకి రాగానే.

"అది ఎలక కాదు నానమ్మా, హామ్‌స్టర్" అంది మా అమ్మాయి.

"తోక కత్తిరిస్తే పేరు మారిపోతుందా?"

షాపు కుర్రాడైతే ఒకటి కాదు, రెండు అంటగట్టబోయాడు. "జంటగా తీసుకోండి సార్, ఒక్కటే ఉంటే బెంగపెట్టుకుంటుంది" అన్నాడు. నేను పర్సు తీశాను కూడా. మా అమ్మాయి అక్కడికక్కడే ఫోన్లో చూసి నా చెయ్యి పట్టుకుంది. ఈ సిరియన్ జాతి హామ్‌స్టర్లు ఒంటరివట. ఒకే పంజరంలో రెండు పెడితే రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయట. 1930లో ఒక జంతు శాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర పొలం తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లల్నీ పట్టుకున్నాడు. పెట్టెలో వెయ్యగానే ఆ తల్లి పిల్లల్లో ఒకదాన్ని చంపేసింది. ఇవాళ ఇళ్ళల్లో పెరిగే ఈ బంగారు రంగు హామ్‌స్టర్లన్నీ దాదాపుగా ఆ ఇంటివాళ్ళే. ముక్కు మీద కోపం వంశంలోనే ఉందన్నమాట.

మా అమ్మాయి లడ్డూ అని పేరు పెట్టింది. మా అమ్మ మొహం చూసి దూర్వాసుడంది. రెండో రోజుకి లడ్డూ అనే పేరు మా అమ్మాయికి కూడా గుర్తులేదు.

ఆ మొహం గురించి చెప్పాలి. సాయంత్రం ఐదింటికి గూట్లోంచి లేపితే ఒక చెవి మడతపడి ఉంటుంది. ఒక బుగ్గ మీద బొచ్చు అణిగిపోయి, దానికో రంపప్పొట్టు ముక్క అంటుకుని ఉంటుంది. ఒక కన్ను మాత్రమే తెరుస్తాడు. ముందుకాళ్ళు రెండూ పొట్ట మీద పెట్టుకుని చూస్తాడు చూడండి, రైల్లో లోయర్ బెర్తు పెద్దాయన్ని లేపి "కొంచెం పైకి వెళ్తారా అంకుల్" అని అడిగినట్టే! నిజానికి అందులో కోపం ఎంతో నాకూ అనుమానమే. వీటికి చూపు సరిగా ఆనదు, పగలు నిద్ర, రాత్రి పని. నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాణ్ణి మధ్యలో లేపితే ఎవరి మొహమైనా అంతే.

కానీ ఇంటర్నెట్‌కి ఆ మొహమే కావాలి. 1998లో కెనడా అమ్మాయి ఒకావిడ వరసగా హామ్‌స్టర్లు గెంతే పేజీ ఒకటి పెడితే లోకమంతా చూసింది. అమీర్‌పేట నెట్ సెంటర్లో కోర్సు మెటీరియల్ వెతుక్కుందామని కూర్చుని, గంట డబ్బులూ దాని మీదే తగలేసిన వాళ్ళలో నేనొకణ్ణి. అప్పట్లో అవి సంతోషంగా గెంతేవి. ఇప్పుడు వయొలిన్ ఏడుపు వెనకాల వినిపిస్తుంటే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చూస్తున్నాయి. ఆఫీసులో లీవు దొరకని ప్రతివాడూ ఆ బొమ్మే పంపుతాడు. "మనకి వయొలిన్ ఎందుకు, వీణ ఉండగా" అని మా అమ్మాయి అట్టముక్కతో చిన్న వీణ చేసి దూర్వాసుడి ముందు పెట్టి కెమెరా ఆన్ చేసింది. వాడు వీణని వాసన చూశాడు, బుర్ర దగ్గర మొదలుపెట్టి మెట్లదాకా కొరికేశాడు. ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరకాలి. సంగీతమైనా సరే.

దసరాకి ఏడు మెట్ల బొమ్మల కొలువు పెట్టాం. పేరంటం ఐదింటికి. పొద్దున్న లేచేసరికి పంజరం ఖాళీ. తలుపు తీసి వదిలింది ఎవరని ఇల్లంతా విచారణ జరిగింది. రాత్రి ఒంటిగంటకి దొంగచాటుగా వీడియో తీసింది నేనేనని ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను. సోఫా కింద, ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ పైపు దగ్గర, అన్నీ వెతికాం. "ఏవండీ, వచ్చినవాళ్ళతో ఒక్క ముక్క అనకండి" అంది మా ఆవిడ. ఆ టెన్షన్‌లో ఎవరమూ కొలువు ముందున్న ముగ్గు వంక చూడలేదు. మా అమ్మ వేసిన పద్మం ముగ్గు మీదుగా శనగగింజంత అడుగులు, బియ్యప్పిండిలో అచ్చుగుద్దినట్టు, సరాసరి మెట్ల దాకా వెళ్ళి ఉన్నాయి.

పైఅంతస్తు అత్తయ్యగారు మూడో మెట్టు దగ్గర ఆగారు. అక్కడ శెట్టిగారి కొట్టు. కూర్చున్న శెట్టిగారి బొమ్మ, ఆయన ముందు బియ్యం, పెసలు, శనగల కుప్పలు, అన్నీ నిజం సరుకే. శెట్టిగారి పక్కన అంతే బొజ్జతో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఇన్ని పట్టుచీరల గరగరలు వినేసరికి బిగుసుకుపోయాడు, కదల్లేదు.

"ఈ పార్ట్‌నర్ బొమ్మ కొత్తదా వదినా? మొహంలో జీవం ఉట్టిపడుతోంది. ఏటికొప్పాకదా?"

మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఒక్క క్షణం. "మా అబ్బాయి తెచ్చాడు" అంది. అబద్ధం ఆడలేదు.

నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. బొమ్మకి బుగ్గలు భుజాల దాకా ఉబ్బి ఉన్నాయి. వీటికి బుగ్గలే సంచులు. అసలు హామ్‌స్టర్ అన్న మాటే జర్మన్ వాళ్ళు "దాచుకోవడం" అనడానికి వాడుకుంటారు. శనగల కుప్ప వైపు చూస్తే కొట్టు దివాలా తీసినట్టే ఉంది.

ఇంతలో అత్తయ్యగారిని పాట పాడమన్నారు. ఆవిడ కోడలు ఫోన్‌తో రికార్డు చేస్తోంది. పల్లవి అయింది, చరణం పైస్థాయికి వెళ్ళింది, సరిగ్గా అక్కడ దూర్వాసుడు ఆవలించాడు. హామ్‌స్టర్ ఆవలింత మీరు చూడకపోతే అదృష్టవంతులు. మొహం మొత్తం నోరైపోతుంది, పసుప్పచ్చటి ముందుపళ్ళు బయటికొస్తాయి. పాట కేకలోకి మారింది, కానీ శ్రుతి తప్పలేదని ఆవిడ కోడలు ఇప్పటికీ అంటుంది. భయపడ్డ మావాడు ముందుకాళ్ళతో బుగ్గలు నొక్కుకుంటూ సరుకంతా కక్కాడు. పదహారు శనగలు, ఒక జీడిపప్పు. జీడిపప్పు కొట్టులోది కాదు, ప్రసాదంలోది.

నేను పట్టుకోబోతే వేలు కొరికాడు. మా అమ్మే చిల్లుల గిన్నె బోర్లించి, కిందికి పళ్ళెం తోసి, పప్పు కడిగినంత తేలిగ్గా వాణ్ణి పంజరంలో దింపింది.

రాత్రి భోజనాలయ్యేసరికి ఆ వీడియో అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉంది. పొద్దున్నకి ఆ మొహం స్టిక్కరైంది. అత్తయ్యగారు నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు. ఐదో రోజు సెక్రెటరీగారు లిఫ్టు రిపేరుకి తలా రెండువేలు కట్టమని పెడితే, మాట లేకుండా దూర్వాసుడి స్టిక్కర్ మాత్రమే పెట్టింది మాత్రం ఆవిడే. వెనకే పదకొండు ఇళ్ళవాళ్ళు అదే పెట్టారు. సెక్రెటరీగారు కూడా చివర్లో అదే పెట్టి ఊరుకున్నారు.

నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి హాల్లో చక్రం గిరగిరా తిరుగుతున్న చప్పుడు. ఈసారి మంచి వీడియో ఒకటి తీద్దామని మెల్లగా వెళ్ళి ఫోన్ లైటు వేశాను. చక్రం ఆగింది. దిగి, నా వంక ఒక చూపు చూసి, గూట్లోకి వెళ్ళిపోయాడు.

"లైటు ఆర్పరా" అంది లోపలి గదిలోంచి మా అమ్మ. "వాడి పని వాణ్ణి చేసుకోనీ."